యల్లమ్మవ్వ రెండో పిలుపుకు లేస్తుంది

ప్రొద్దుటూరులో మా వీధికి వచ్చిన కొత్తలో యల్లమ్మవ్వకు చెవుడని అందరం అనుకున్నాం. కూతురు నాగవేణి లోపలి నుంచి "మా, కాఫీ" అని కేకేస్తే అరుగు మీది అవ్వ తల కూడా తిప్పేది కాదు. "మా, నిన్నే, కాఫీ సల్లారిపోతాది" అన్నాక మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచేది. కూరగాయల బండి అతను పిలిచినా, గ్యాసు బండ తెచ్చినతను పిలిచినా అంతే. మొదటి పిలుపు తనది కాదన్నట్టు ఎటో చూస్తూ కూర్చునేది.

చెవుడు కాదని ఒక పొద్దున తెలిసింది. మా వరండాలో నాన్న పేపరు చదువుకుంటున్నారు. వీధికి అవతలి అరుగు మీది నుంచి అవ్వ నన్ను అడిగింది: "మీ నాయన ఈపొద్దు కోర్టుకు పోలేదేం పాపా? పేపర్ తిప్పే సప్పుడు ఇనపడ్తాంది." మా నాన్న త్రివిక్రమరావు కోర్టులో గుమాస్తా. ఆ సెలవు రోజున పక్కనే కూర్చున్న నాకే పేపరు చప్పుడు వినిపించలేదు.

నాగవేణి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలత ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ సంగతి అడిగాను. మిషను ఆపి నవ్వింది.

"చెవుడా? మా అమ్మకా? గోడ మింద బల్లి నడిచినా ఇంటాది. ఒకటో పిలుపుకు పలకదు సింధూ, అంతే. రెండో పిలుపుకే లేస్తాది. మూడోసారి పిలిస్తే మాత్రం యాడుంటే ఆడ కూలబడ్తాది. అదో కత."

ఆ కథ ఆమె దారాలు తెంపుకుంటూ చెప్పింది. యల్లమ్మవ్వది గొర్రెలు మేపుకునే కుటుంబం. పుట్టిల్లు మైలవరానికి పైన, పెన్నా లోయ గట్టు మీద. లోయకు ఈ పక్క గండికోట, ఆ పక్క వాళ్ల గొర్రెల దొడ్డి. చిన్నప్పుడు అవ్వా, ఆమె అక్క ఓబులమ్మా కలిసి మందను కొండకు తోలేవారు. ఒక చలికాలం పొద్దున, ఎదుటి మనిషి కనబడనంత మంచులో, ఓబులమ్మ ఎవరి పిలుపుకో "ఆ, వస్తాండా" అని పలికి నడుచుకుంటూ పోయింది. ఆమె పలకడం విన్నవాళ్లున్నారు. పిలిచిన గొంతు విన్నవాళ్లు లేరు. మంచు విడిపోయాక లోయ అంచున కంప చెట్టుకు తగులుకుని ఆమె కంబళి ఒక్కటే దొరికింది.

ఆ తర్వాత తల్లి మిగిలిన బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక కట్టడి పెట్టింది. గాలి ఒక్కసారే పిలుస్తుంది, దానికి పలకొద్దు. మనిషైతే రెండోసారి పిలుస్తాడు, అప్పుడు లేచి గొంతు వచ్చిన దిక్కుకు నడువు. మూడో పిలుపు కూడా వచ్చిందంటే అది గాలీ కాదు, మనిషీ కాదు. ఉన్నచోటనే కూర్చుని రెండు అరచేతులూ నేలకు ఆనించు. ఎవరో ఒకరు వచ్చి నిన్ను ముట్టుకునేదాకా లేవొద్దు.

యల్లమ్మవ్వ ఆ కట్టడిని లింగాలలోని అత్తగారింటికి కూడా తీసుకెళ్లింది. పొలం గట్టు మీది నుంచి ఆమె భర్త ఏది అడిగినా రెండుసార్లు అడగడం నేర్చుకున్నాడు. ఊళ్లో వాళ్లు అతన్ని "ఏందిమామా, ఏందిమామా" అని జోడు పిలుపులతో ఏడిపించేవారట. అతను పోయాక మందను అమ్మేసి, మోకాళ్లు అరిగిన అవ్వ కూతురి దగ్గరికి చేరింది.

"మొన్న పులివెందులలో కంటి శిబిరానికి తీసకపోతి గదా," నాగవేణి నవ్వు ఆపుకోలేకపోయింది. "నర్సమ్మ యల్లమ్మా అనె. ఈమె కదల్లా. మళ్లీ యల్లమ్మా అనె. లేసి పోతాంది. ఆ నర్సమ్మకు తొందర, మళ్లీ యల్లమ్మా అనె! నడిమధ్య దోవలో కూచునేసింది, రెండు సేతులూ నేలకు పెట్టి. కండ్లు తిరిగినాయని స్ట్రెచ్చర్ తెచ్చినారు, బీపీ సూసినారు. నేను పోయి భుజం ముట్టినాక లేసి, నాకేం రోగం, నన్ను ఎందుకు పట్టుకున్యారు అంటాంది."

నేను కూడా నవ్వాను. గండికోటకు వెళ్లేదాకా అది నవ్వుకునే సంగతే.

ఆ శిబిరంలో రెండు కళ్లకూ శుక్లాలున్నాయని చెప్పారు. ఒక కంటికి ముందు ఆపరేషన్ చేస్తామని తేదీ ఇచ్చారు. అప్పటికే అవ్వకు మనుషులు రంగులుగా, రంగులు మరకలుగా కనిపిస్తున్నాయి. ఇంటికి రాగానే కూతురితో ఒక మాట అంది. "కంటికి కట్టు కట్టకముందే ఒకసారి కోట సూపీ. పుట్టినప్పట్నించి ఆ గట్టు మిందనుంచి సూసిందే గానీ లోపలికి పోల్యా."

నాగవేణి ఒప్పుకోలేదు. లోయ అంచున ఎవరో జారిన వీడియో ఆమె ఫోన్లో చూసింది. ఆపరేషన్ అయ్యాక చూద్దువులే అంది. "అయినాక కండ్లు పోతే?" అంది అవ్వ. ఆ సాయంత్రమే నాగవేణి మా ఇంటికి వచ్చింది. నన్ను తోడు రమ్మంది. "ఆడ బోర్డుల మింద రాసింటారంట. నువ్వు సదువుకున్నేదానివి, సదివి సెప్తావు. అమ్మ రెండో చెయ్యి పట్టుకోను ఇంగొకరు కావల."

మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు. ఖాదర్ ఆటో మాట్లాడుకున్నాం. అతను మా వీధి చివర ఉంటాడు, నాగవేణిని అక్కా అంటాడు.

"అవ్వా, ఎక్కు," అన్నాడు. అవ్వ రోడ్డు వైపు చూస్తోంది. "అవ్వా, ఎక్కవ్వా!" ఎక్కింది.

"నా బండి గూడా ఇంతేలే అక్కా," అన్నాడు ఖాదర్ మీట నొక్కుతూ. "రెండోసారికి గానీ అందుకోదు."

నిజంగానే రెండోసారికి అందుకుంది. నాగవేణి నవ్వింది. నవ్వుతూనే తల్లి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు దారంతా వదల్లేదు. జమ్మలమడుగులో టీ తాగడానికి ఆపినప్పుడు కూడా గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకుంది. వేడి వేడి బజ్జీ అవ్వ ఊదుకుంటూ తింటుంటే, కూతురు రోడ్డు మీద పోయే లారీలను చూస్తోంది.

మైలవరం దగ్గర జలాశయం కట్ట మీద కాసేపు నిలబడ్డాం. ఎవరో ఇద్దరు చేపల వలలు సర్దుకుంటున్నారు. అవ్వ మొహం ముందుకు చాచి చాలాసేపు చూసింది.

"ఇది నీళ్లా, ఆకాశమా?"

"నీళ్లు మా."

"మద్దెలో గీత ఉంటాది గదా. నాకు గీత కనపడలా."

నాగవేణి నా వైపు చూసింది. అంచు ఎక్కడుందో కనబడని మనిషిని అంచుల ఊరికి తీసుకెళ్తున్నామని మా ఇద్దరికీ ఒకేసారి తోచింది. వెనక్కి పోదామా అంటుందేమోనని ఎదురుచూశాను. అవ్వ అప్పటికే ఆటో వైపు తడుముకుంటూ వెళ్తోంది.

కోట వాకిలి దాటగానే గాలి మారింది. మలుపులు తిరిగే పాత రాతి దారి, ఎత్తైన ఎర్రటి గోడలు. లోపల ఒకప్పుడు పట్నం ఉండేదని తెలుస్తూనే ఉంటుంది. మసీదు, గుడులు, జైలు, పావురాల గోపురం అన్నీ అలాగే ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సిన ఇళ్లే లేవు. ఉన్న కొద్దిపాటి ఊళ్లో కోళ్లు తిరుగుతున్నాయి. మేం తొందరపడలేదు. అవ్వ ప్రతి గోడనూ అరచేత్తో చూసింది. రాయి వేడిని బట్టి ఏ వైపు పొద్దు తగిలిందో చెప్పింది. నేను బోర్డు చదివితే కొంచెంసేపు విని ఆపమంది.

"రాజుల పేర్లు సాల్లే పాపా. గొర్లను యాడ కట్టేస్తాన్నిరో రాసినారా?"

"లేదవ్వా."

"మరి వీళ్లు మాంసం తినల్యా? కంబళ్లు కప్పుకోల్యా?"

ఖాదర్ పగలబడి నవ్వాడు. నేను ఆ బోర్డును మళ్లీ పై నుంచి కింది దాకా చదివాను. నిజంగానే లేదు.

ధాన్యాగారంలోకి వెళ్లేసరికి మాత్రం నవ్వు తగ్గింది. లోపల చీకటి, ఎత్తైన కమాను కప్పు, గబ్బిలాల వాసన. "మా, మెల్లగా," అంది నాగవేణి. కప్పు ఆ మాటను పట్టుకుని ఎదురుగా ఉన్న మూల నుంచి తిరిగి పంపింది: మెల్లగా. అవ్వ ఆగింది. కూతురి చేయి పట్టుకునే ఉంది, అయినా ఆమె మొహం ఆ మూలకు తిరిగింది. అటు ఒక అడుగు కూడా వేసింది.

"నేను ఈడుండా మా. అది గోడ."

"గోడా?"

"గోడే. మన మాట మనకే వస్తాది."

ఖాదర్ సరదాగా "ఓయ్!" అని అరిచాడు. మూలలన్నీ ఓయ్ అన్నాయి. అవ్వ చెవులు మూసుకుంది. "అట్ల అరవొద్దురా," అంది. గొంతులో ఎప్పుడూ ఉండే మోటుదనం లేదు. నాగవేణి ఆమెను వెలుతురులోకి లాక్కొచ్చింది. బయట ఎండలో తన చేతి మీది రోమాలు నిక్కబొడుచుకున్నాయని నాకు చూపించి, మళ్లీ కొంగు కప్పుకుంది.

లోయ దగ్గరికి అవ్వను చెరో చేయి పట్టుకుని తీసుకెళ్లాం. కొండను ఎవరో రంపంతో కోసి రెండు ముక్కలూ కొంచెం దూరం జరిపినట్టుంటుంది అక్కడ. అట్ట పెట్టెల్లా పేర్చిన ఎర్ర బండలు, చివరి బండ తర్వాత ఏమీ లేదు. అడుగున పెన్నా నీళ్లు ఆకుపచ్చగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. కంచె లేదు. నాగవేణి అంచుకు చాలా ఇవతలే ఆగిపోయింది. ఇక ఒక్క అడుగు కూడా వేయనంది.

అవ్వ ఎదురుగా చేయి చాపింది. "ఆ గట్టు మింద మా దొడ్డి."

అక్కడ కంపచెట్లు, రాళ్లు తప్ప ఏమీ లేవు.

"లోపల యవురన్నా కనపడ్తాండారా?" అని అడిగింది.

"లోపల యవురుంటారు మా? నీళ్లే."

"ఊఁ," అంది అవ్వ.

మధ్యాహ్నం గుడి మండపంలో కూర్చుని తిన్నాం. నాగవేణి చిత్రాన్నం, పెరుగన్నం తెచ్చింది. మా అమ్మ ఇచ్చిన నిమ్మకాయ ఊరగాయను అవ్వ రెండుసార్లు వేయించుకుంది. తిన్నాక ఆమె స్తంభం పక్కన కొంగు తల కింద పెట్టుకుని పడుకుంది. ఖాదర్ మెట్ల మీద తువ్వాలు మొహానికి కప్పుకుని గురక మొదలుపెట్టాడు. తల్లి ఊపిరి ఒక తీరుకు వచ్చేదాకా నాగవేణి కాచుకుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె చేయి ఖాళీ అయింది. వేళ్లు విదిలించుకుని, "ఆ పక్క స్తంబాల మింద బొమ్మలుండాయి, సూసొద్దాం పా," అంది.

దూరంగా మేకల మెడగంటలు వినబడుతున్నాయి. ఊళ్లోవాళ్ల మంద కోటలో మేస్తోంది. ఆ గంటలు దగ్గరగా వచ్చి మండపం వెనక నుంచి దాటిపోవడం మేం బొమ్మలు చూస్తూనే విన్నాం. విన్నామే గానీ పట్టించుకోలేదు.

తిరిగి వచ్చేసరికి స్తంభం పక్కన అవ్వ చెప్పులు ఉన్నాయి. అవ్వ లేదు.

నాగవేణి ముందు మండపంలోనే వెతికింది, చిన్న పిల్ల దాక్కున్నట్టు ప్రతి స్తంభం వెనకా చూసింది. ఖాదర్‌ను లేపింది. "నేను సూడల్యా అక్కా," అన్నాడు కళ్లు నులుముకుంటూ. ఈలోగా ఆమె గుడి వెనక బండ ఎక్కేసింది. అక్కడి నుంచి లోయ దాకా అంతా తెరపి. రెండు చేతులూ నోటి పక్కన పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"అమ్మా!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లోయ వైపు నుంచి, అంచుకు అవతల నుంచి, ఆ మాట తిరిగి వచ్చింది. కొంచెం సన్నగా, కొంచెం చిన్నపిల్ల గొంతుతో.

అమ్మా.

ఖాదర్ గుండె నిండా గాలి పీల్చుకుని అరవబోయాడు. నాగవేణి ఎగిరి అతని నోరు మూసింది.

"పిలవొద్దు! యవురూ పిలవొద్దు!"

"ఏందక్కా నీకు?"

"ఒకటి నేను పిలిస్తి. రెండోది లోయ పిలిచింది." ఆమె పెదవులు తెల్లబడ్డాయి. "రెండో పిలుపుకు లేస్తాది ఖాదరూ. గొంతు వచ్చిన దిక్కుకు నడుస్తాది."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక చుట్టూ ఉన్న ఎర్ర బండలు, ఎండ, అన్నీ వేరేగా కనబడ్డాయి. పిలిచి వెతకడం ఒక్కటే మనుషులకు తెలిసిన దారి. ఆ దారి మూసుకుపోయింది.

"మూడోసారి పిలిస్తే కూర్చుంటుంది కదక్కా?" అని అడిగాను. గుసగుసగానే అడిగాను.

"ఆ రెండూ ఇనిందని నాకెట్ల తెలుసు? యాడన్నా గోడ సాటున ఉండి ఒకటీ ఇనకుంటే? ఇప్పుడు నేను పిలిస్తే నాది ఒకటోది, లోయది రెండోది. నేనే పంపినట్టయితాది గదా సింధూ. నా నోటితో నేనే..."

గుడి చూడటానికి వచ్చిన ఒక కుటుంబం మా దగ్గరికి చేరింది. కోస్తా వైపు వాళ్లని మాటలో తెలుస్తోంది. లావుపాటి పెద్దాయన జాలిగా అడిగాడు. "తప్పిపోయారా అండీ? పేరు చెప్పండి, అందరం కలిసి గట్టిగా పిలుద్దాం."

"పిలిస్తే సస్తాదప్పా!" అన్నాడు ఖాదర్. "నోర్లు మూసుకోండి అందరూ!"

"ఇదెక్కడి మాటండీ, సాయం చేస్తామంటే!"

"సాయం సెయ్యాలనుంటే ఊరకుండండి. ఊరకుండేదే సాయం."

ఆయన మొహం ఎర్రబడింది. ఆయన భార్య మాత్రం నాగవేణిని చూసి, పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని వాళ్ల నోళ్ల మీద చేతులు పెట్టింది.

మేం ముగ్గురం విడిపోయి వెతికాం. పిలవకుండా వెతకడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలీదు. ప్రతి మలుపు దగ్గరా "అవ్వా" అనే మాట గొంతులోకి వచ్చి పళ్లకు తగిలేది. కాళ్ల కింద రాయి దొర్లితే ఆ చప్పుడు కూడా లోయకు వినబడుతుందేమోనని ఆగిపోయేదాన్ని. నా గొంతు ఎవరికీ సరిగ్గా వినబడదని ఇంట్లో విసుక్కుంటారు. ఆ పూట అది కూడా పెద్ద చప్పుడే అనిపించింది. ఎక్కడో మేకల గంటలు. వాటి వెనకే వెళ్లి ఉంటుందని అప్పుడు తోచింది. ఆ గంటల వైపు నడిచాను. మేకలు కోటగోడ నీడలో మేస్తున్నాయి, వాటితో మనిషెవరూ లేరు.

అక్కడి నుంచి గోడ పగులు గుండా లోయ అంచు కనబడుతుంది. చూశాను.

అవ్వ అక్కడ ఉంది. నాకు చాలా దూరంలో, బండల మీద, వట్టి కాళ్లతో. వీపు నా వైపు. ఒక పాదం ముందుకు చాచి, వేళ్లతో రాయిని తడిమి, బరువు దాని మీద వేసి, తర్వాత రెండో పాదం. తొందరేమీ లేదు ఆమెకు. ఎవరో తెలిసినవాళ్ల ఇంటికి పోతున్నట్టు తల కొంచెం పక్కకు వంచి వింటూ పోతోంది. ఆమె ముందు ఇంకా కొన్ని బండలున్నాయి, ఆ తర్వాత ఆకాశం ఉంది.

చేయి ఊపాను. నాగవేణి పరుగున వచ్చింది, చూసింది. ఆమె వెనకే వచ్చిన ఖాదర్ అప్పటికే చెప్పులు విడిచి పరుగెత్తడానికి కాలు ఎత్తాడు.

"అందుకోలేవు," అంది నాగవేణి. అది నిజమే, కళ్లకు కనబడుతోంది. "నడుస్తాందంటే రెండూ ఇనింది. ఒకదానికి కదలదు, నాకు తెలుసు. రెండూ ఇనింది."

అంటే ఇప్పుడు పిలవాలి. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుంది. దూరాన ఆ పాదం మళ్లీ ముందుకు చాచుకుంది. వేళ్లు రాయిని వెతుకుతున్నాయి.

"అమ్మా!"

ఆ పాదం గాలిలోనే ఆగింది.

లోయ బదులు పలికింది. నాలుగో పిలుపు. నాగవేణి చెవులు మూసుకుని కూలబడింది. అవ్వ నిలబడే ఉంది, ఒంటి కాలి మీద, గాలికి చీర కొట్టుకుంటోంది. కూర్చుంటుందో, నడుస్తుందో, అలాగే ముందుకు వాలిపోతుందో తెలీదు. అప్పుడు ఆ పాదం మెల్లగా వెనక్కి వచ్చింది. మోకాళ్లు వంగాయి. అవ్వ బండ మీద కూర్చుని రెండు అరచేతులూ రాయికి ఆనించింది.

ఖాదర్, నాగవేణి చప్పుడు చేయకుండా ఆ బండల మీదికి వెళ్లారు. చివరి కొంత దూరం నాగవేణి పాకుతూ పోయింది. అంచంటే అంత భయమున్న మనిషి అంచు పక్కనే మోకాళ్ల మీద నిలబడి తల్లి భుజం ముట్టుకుంది. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

"యవురు?" అంది అవ్వ, కళ్లు మూసుకునే.

"నేను మా."

అవ్వ నమ్మలేదు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సూది పోట్లకు గరుకైన చూపుడువేలి కొనను బొటనవేలితో రుద్ది చూసింది.

"నువ్వే," అంది. అప్పుడు లేచింది.

తిరుగు దారిలో ఆటోలో నాగవేణి తల్లి మణికట్టు మళ్లీ పట్టుకుంది. జమ్మలమడుగు దీపాలు కనబడ్డాక నాగవేణికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "నిద్రపోతాన్నిదానివి ఎందుకు లేస్తివి? గంటలిని పోతివి, సరే. నేను పిలిస్తే నా దిక్కుకు రావాల గదా. అటెందుకు పోతివి? అది లోయ గొంతు మా. నాది గాదు."

"నీది గాదని నాకు తెలీదా?" అంది అవ్వ.

ఖాదర్ ఆటో వేగం తగ్గించాడు.

"మొదుటిది నీది. నా బిడ్డ గొంతు నాకు తెలీకుండా పోతాదా? అందుకే కదల్యా, ఇంగొకసారి పిలిస్తావు గదా అని. రెండోది నీది గాదు. సిన్నపిల్లది." కొంచెం ఆగింది. "ఓబులక్క నన్ను అమ్మా అనే పిలుస్తాండె. మంచులో నన్ను ఆడిపిస్తాండె. మొదుట ఉత్తుత్తి పిలుపు పిలుస్తాది, దానికి పోతే ఎక్కిరిస్తాది. రెండోది నిజం పిలుపు. దానికి పోతే యాడున్నా దొరుకుతాది. ఆ పొద్దు ఒకటే పిలిచింది. ఇంగొకటి పిలుస్తాదని నేను గొర్లకాడ్నే కూచోనుండా. ఆ, వస్తాండా అని యవురికో పలికి పాయె."

"మా, అమ్మమ్మ పెట్టిన కట్టడి గదా అది? గాలి ఒకసారి పిలుస్తాదని?" నాగవేణి గొంతు చాలా చిన్నదైంది.

"అది మా అమ్మ మాట. నేను ఇంటాండింది మా అక్క కోసరం."

"మరి ఎందుకు కూచుంటివి?"

"మూడోది వచ్చింది గదా," అంది అవ్వ, అంతకంటే చెప్పేదేమీ లేనట్టు. కిటికీ లేని ఆటో పక్క నుంచి వచ్చే గాలికి మొహం పెట్టి, ఇల్లు చేరేదాకా అలాగే కూర్చుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఒక కన్ను చక్కగా కనబడుతోంది. నా చున్నీ మీది పువ్వులు లెక్కపెట్టి చెబుతుంది. కూరగాయల బండి మీద వంకాయల్లో పుచ్చులు తనే ఏరుతుంది. చూసినవాళ్లందరూ అవ్వ మారిపోయిందంటారు. నిజమే, ఒక సంగతిలో బాగా మారింది. ఇప్పుడు ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతోంది.

వీధిలో అందరికీ అది సంతోషంగానే ఉంది. నాగవేణికి మాత్రం నిద్ర లేదు, గాలి పిలిచేదీ ఒక్కసారేనని ఆమెకు తెలుసు. ఆమె తన తల్లిని ఇప్పుడు దూరం నుంచి పిలవదు. మిషను ఆపి, లేచి, అరుగు దాకా నడిచి భుజం ముట్టుకుంటుంది. ముందు తలుపుకు పైన, అవ్వ చేయి అందని చోట కొత్త గడియ పెట్టించింది.

నిన్న సాయంత్రం నేను వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నాను. గడియ తీసే ఉంది. పక్క వీధిలో ఏదో పిల్ల వాళ్లమ్మను పిలిచింది, ఒకే ఒక్కసారి.

"అమ్మా!"

అవ్వ అప్పటికే లేచి నిలబడింది. మోకాళ్ల మీద చేతులు కూడా ఆనించలేదు.

"ఆ, వస్తాండా," అంది.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. నాగవేణి పరుగెత్తుకొచ్చే అడుగులు వినబడ్డాయి. నేను అవ్వ చేయి పట్టుకున్నాను.